రూతుకు నేర్పిన వయసు

ఒక మాట నా గొంతులో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. మింగుదామంటే లోపలికి పోదు. ఉమ్మేద్దామంటే బయటికి రాదు. పొద్దున్నే ముఖం కడుక్కునేటప్పుడు గుర్తొస్తుంది. అన్నం ముద్ద నోటి దాకా పోయాక గుర్తొస్తుంది. ఎవరైనా "పెద్దాయన మాటంటే మాటే" అని నన్ను మెచ్చుకున్నప్పుడు మరీ గుర్తొస్తుంది. నా భార్య ఉన్నన్నాళ్ళూ ఆమెకు చెప్పే ధైర్యం చాలలేదు. ఆమె పోయాక చెప్పుకోవడానికి మనిషి లేకుండా పోయింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెబుతున్నాను. అలిసిపోయాను. ఇంక మోయలేను.

ఇదేం పెద్ద నేరం అంటారేమో. నేను ఎవరినీ నరకలేదు. ఎవరి గట్టూ జరపలేదు. మా ప్రాంతంలో నేరమంటే జనానికి అవే గుర్తొస్తాయి. నేను చేసింది ఒక్క మాట అనడం. పదకొండేళ్ళ పిల్ల మీద అన్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బడి గడప తొక్కలేదు. కుర్రతనంలో ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో తానులు మోసే పనికి చేరాను. మీసాలొచ్చినా నాకు అ ఆలు రావు. అంగడి యజమాని కూతురు రెండో తరగతి చదివేది. సాయంత్రం బడి నుంచి నేరుగా అంగడికొచ్చి తానుల మీద కూర్చొని పలక మీద రాసుకునేది. ఒకరోజు నేను ఆ పలకను తలకిందులుగా పట్టుకొని చూస్తుంటే పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ పిల్లే నాకు అయ్యవారు. తప్పు రాస్తే చెవి మెలిపెట్టేది. గుణింతాలు దాటించి వదిలింది. ఆ తర్వాత చదివినదంతా నా అంతట నేను చదువుకున్నదే. సరుకు చుట్టిచ్చిన పేపర్లు, బస్సుల మీది బోర్డులు, కోర్టు కాగితాలు, ఎవరో పారేసిన పుస్తకాలు, ఏది దొరికితే అది.

అలా చదువుకున్నవాడికి కోపం ఎక్కువ. "ఏం చదివినావు?" అని అడిగిన ప్రతి ఆఫీసరు మీదా నాకు కోపమే. సర్టిఫికెట్టు చూపించి మాట్లాడే ప్రతి కుర్రాడి మీదా కోపమే. ఆ కోపాన్ని నేను నిజాయితీ అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చిన్నపిల్లలు చదువు చెప్పగలరని మా కాలనీలో అందరికన్నా నాకే బాగా తెలుసు. తెలియక చేశాను అనే సాకు నాకు లేదు.

గండికోట నీళ్ళల్లో మునిగిన ఊళ్ళల్లో మాదీ ఒకటి. కొండాపురం వైపు కాలనీ వేసి మమ్మల్ని అక్కడికి తోలారు. కొత్త చోట అందరం కలిసిమెలిసి ఉంటామన్నారు. చివరికి ఎవరి వీధి వాళ్ళదే అయింది. మా రైతుల వీధి మాదే, చర్చి వీధి వాళ్ళదే. ఊరిని ముంచిన నీళ్ళు వీధుల్ని ముంచలేకపోయాయి.

ఊరు ఖాళీ చేసే రోజుల్లో ఒక సంగతి జరిగింది. పద్దెనిమిది నిండినవాళ్ళను వేరే కుటుంబం కింద లెక్కగట్టి పరిహారం ఇస్తారన్నారు. అంతే. మీసం మొలవని పిల్లలంతా మేజర్లయిపోయారు. దాన్ని మేము "వయసు వేయడం" అనేవాళ్ళం. పొలానికి ఎరువు వేసినట్టు, పిల్లాడికి వయసు వేయడం. "మీ వానికి ఎన్నేండ్లు ఏసినావు మామా?" అని టీ అంగడి దగ్గర బాహాటంగానే అడుక్కునేవాళ్ళం. నా మనవడికి నేనూ రెండేళ్ళు వేశాను. ఊరే పోతుంటే ఇది దొంగతనమని మాకెవరికీ తోచలేదు. తోచినా పైకి అనలేదు.

వేయనివాడు ఒక్కడే. చర్చి వీధి యేసురత్నం. కలమల్ల దగ్గర కరెంటు తయారయ్యే చోట కాంట్రాక్టు కూలికి పోయేవాడు. వాళ్ళ పెద్దోడికి పద్దెనిమిది నిండటానికి కొన్ని నెలలే తక్కువ. నేనే వెళ్ళి చెప్పాను, నెలలే గదా, వేయించుకో అని. "వద్దులే పెద్దాయనా. వాడు పుట్టిన దినం నేను ఆడనే ఉంటి" అన్నాడు. కాలనీ అంతా చాలా రోజులు ఆ మాట చెప్పుకొని నవ్వుకుంది. నేనూ నవ్వాను. వాడికి రావలసింది రాకుండా పోయింది.

రూతు ఆ యేసురత్నం కూతురు. అసలు పేరు అది కాదు. ఇప్పటికైనా ఆ పిల్ల పేరును నలుగురి నోళ్ళలో వేయకూడదని మార్చాను.

మేము కాలనీకి చేరాక జమ్మలమడుగు నుంచి ఒక సంస్థ వాళ్ళొచ్చి సాయంత్రం చదువుల గది పెట్టారు. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. జీతానికి సార్లను పెట్టరు. పెద్ద తరగతుల పిల్లలే చిన్న తరగతుల వాళ్ళకు చెప్పాలి. చెప్పేవాళ్ళను అక్కా, అన్నా అని పిలవాలి. ఒక్కటే షరతు, చెప్పే పిల్లలకు పద్నాలుగు నిండి ఉండాలి. మరీ చిన్నవాళ్ళను పెడితే వాళ్ళ చదువు చెడిపోతుందని. గదికి పెద్దగా నన్ను పెట్టారు. ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వద్దనాలో తేల్చేది నేనే. బడి గడప తొక్కనివాడికి ఆ పని దొరికితే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి.

ఒక పరీక్ష పెట్టాను. వచ్చిన పిల్ల ఎవరైనా సరే, చేతులు వెనక్కి కట్టుకొని చెప్పాలి. పలక ముట్టకూడదు. సుద్దముక్క పట్టకూడదు. ఎందుకంటే చేతిలో సుద్దముక్క ఉన్నవాడు ఎదుటి పిల్లాడి లెక్క తానే చేసి పారేస్తాడు. పదో తరగతి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కాసేపటికే చేతులు ముందుకొచ్చేవి. "అట్ల కాదురా, ఇట్ల తే" అని పలక లాక్కునేవాళ్ళు. చాలామందిని వెనక్కి పంపాను.

అప్పుడు రూతు వచ్చింది. ఆరో తరగతి. ఆ వయసుకు కూడా చిన్నగా ఉండేది. నేను వద్దనబోయి, సరదాకు చూద్దామని మా వీధి ఓబులు కొడుకును ముందర కూర్చోబెట్టాను. వాడు మూడో తరగతి. తీసివేతలంటే ఏడుపు. ఇరవై మూడులో నుంచి ఏడు తీసేయమంటే, మూడులో ఏడు పోదు కాబట్టి ఏడులోంచి మూడు తీసి నాలుగు వేసి కూర్చునే రకం.

రూతు చీపురు పుల్లలు తెచ్చుకుంది. పదేసి పుల్లలు దారంతో కట్టిన కట్టలు రెండు, విడి పుల్లలు మూడు వాడి చేతికిచ్చి, తన చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఏడు పుల్లలియ్యి."

వాడు మూడు ఇచ్చాడు. "ఇంగ ల్యావక్కా."

"చేతిలో ఏముండాయి?"

"కట్టలు."

"కట్టల్లో ఏముండాయి?"

వాడు కట్ట వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "విప్పాల్నా?"

"నాకేం తెలుసు? నీ కట్ట."

వాడు పళ్ళతో దారం తెంపాడు. పుల్లలన్నీ ఒళ్ళో పడ్డాయి. వాడి ముఖం వెలిగింది. నేను వాడిని చూడలేదు. రూతు వీపు వెనక చూస్తున్నాను. ఒక చేతి వేళ్ళు ఇంకో చేతి వేళ్ళను గట్టిగా పట్టుకొని ఉన్నాయి. ముందుకు రావాలని ఆ చేతులకు ఎంత ఉందో నాకు తెలుస్తోంది. రాలేదు.

నాకు ప్రొద్దుటూరు అంగడి గుర్తొచ్చింది.

తీసుకోవాలా, వద్దా? సంస్థ వాళ్ళకు ఫోన్ చేసి, ఇట్లా ఒక చిన్నపిల్ల ఉంది, షరతు సడలించండి అని అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఎందుకు అడగలేదు? సర్టిఫికెట్ల వాళ్ళ ముందు నేను చెయ్యి చాచాలా అనుకున్నాను. నేను తేల్చానంటే తేల్చినట్టే అనుకున్నాను. మాకు బాగా అలవాటైన దారే పట్టాను. సంస్థ పుస్తకంలో పద్నాలుగని రాయించి, వయసు వేశాను.

"ఎవరన్నా అడిగితే పద్నాలుగని చెప్పు పాపా."

"అబద్ధం గదా తాతా?"

"ఈ కాలనీలో ఎవుని వయసు నిజం? మా మనవడిని చూడు. వానికంటే వాని వయసే రెండేండ్లు పెద్దది."

ఫక్కున నవ్వింది. మళ్ళీ ముఖం ముడుచుకుంది. "మా నాయనకు తెలిస్తే?"

"మీ నాయనకు నేను చెప్పుకుంటాలే. ఎవరడిగినా నేనే చెప్పుకుంటా. నువ్వు చదువు చెప్పు, చాలు."

నేను చెప్పుకుంటా. ఈ మాట నేనే అన్నాను. రెండుసార్లు అన్నాను.

కొన్ని నెలలు బాగా జరిగింది. రూతు చుట్టూ ఎప్పుడూ పిల్లలు ముసిరేవాళ్ళు. యేసురత్నంతో మాట్లాడదామని అనుకుంటూనే వాయిదా వేశాను. కూతురు చదువు చెబుతోందని అతనికి తెలుసు, సంతోషపడ్డాడు. పద్నాలుగు షరతు ఉందని తెలియదు.

ఒకరోజు ఓబులు నా దగ్గరికొచ్చాడు. వరసకు అల్లుడవుతాడు. "ఏం మామా, మావానికి చెప్పేదానికి ఆ వీధి పిల్లే దొరికిందా నీకు? వాడు ఇంటికొచ్చి అక్క అట్ల చెప్పింది, అక్క ఇట్ల చెప్పింది అంటాండాడు. యాడి అక్క?" అన్నాడు. మీ వాడికి లెక్కలొచ్చాయా లేదా అని కసిరి పంపాను. ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో! అన్యాయాన్ని ఎదిరించాననుకున్నాను. ఓబులు ఊరుకోలేదు. వయసు షరతు సంగతి పట్టుకొని సంస్థకు ఫిర్యాదు చేశాడు.

జమ్మలమడుగు నుంచి సంస్థ మేడం వచ్చింది. గదిలోనే మీటింగు. రెండు వీధుల వాళ్ళూ వచ్చారు. యేసురత్నం డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, పసుపు పచ్చ టోపీ చేతిలోనే ఉంది. రూతు మధ్యలో నిలబడింది.

ఓబులు లేచాడు. "మేడం, ఇది వయసు దొంగలెక్క. వయసులు బయటికి తీసేదైతే ఈ పొద్దు అందరివీ తీద్దాం. ఏం మామా?" అని నా వైపు చూసి నవ్వాడు.

వాడికి నా మనవడి సంగతి తెలుసు. ఆ మాట ఇక్కడ లేస్తే ఎంత దూరం పోతుందో, ఎవరి చెవిన పడుతుందో, ఇచ్చింది వెనక్కి లాక్కుంటారేమో, పెద్దాయన అని పిలిచిన నోళ్ళు రేపు ఏమని పిలుస్తాయో. ఇవన్నీ ఒక్కసారి తలలో తిరిగాయి. రూతు మాత్రం తిరగలేదు.

మేడం మెల్లగా అడిగింది. "నీ వయసెంతమ్మా?"

"పద్నాలుగు మేడం."

అందరూ గొల్లున నవ్వారు. ఆ పిల్ల అంత చిన్నగా ఉంది. యేసురత్నం నవ్వలేదు. ముందుకొచ్చాడు. "ఎవురు నేర్పినారే నీకీ మాట?"

రూతు నా వైపు తిరిగింది. భయపడలేదు. భయపడాల్సిన అవసరం ఉందని ఆ పిల్లకింకా తెలియదు. చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి, పలక ముందర కూర్చున్న పిల్లాడి కోసం కాచుకున్నట్టే నా కోసం కాచుకుంది.

"తాతా, చెప్పు."

నేను అన్నాను, "నేనేం చెప్పేది పాపా? నువ్వు చెప్పిన వయసే గదా నేను రాయించింది."

అదీ ఆ మాట.

రూతు ఏడవలేదు. నన్నే చూస్తూ ఉండిపోయింది. మూడో తరగతి పిల్లాడు తప్పు చెప్పినప్పుడు చూసే చూపు కాదు అది. ఆ చూపులో ఇంకో అవకాశం లేదు.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇంకా ఎక్కువ తింటోంది. యేసురత్నం నా దగ్గరికొచ్చి, టోపీ చంకలో పెట్టుకొని, రెండు చేతులూ జోడించాడు. "తప్పైపాయె పెద్దాయనా. పసిది. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? క్షమించాను. "పోనీలే యేసురత్నం, పిల్లలన్నాక తెలిసీ తెలియక చేస్తారు" అన్నాను. నా గొంతు ఎంత మెత్తగా వచ్చిందో నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆ అబద్ధం భయంతో అన్నాననుకుందాం. ఈ పెద్దరికం దేనితో చూపించాను?

మేడం జీపెక్కబోతూ నన్ను పక్కకు పిలిచింది. "ఆ పాప అంత బాగా చెబుతుందని ముందే ఒక్క మాట ఫోన్లో చెప్పి ఉంటే ఒప్పుకునేవాళ్ళం కదండీ. మీ మాట కాదంటామా?" అంది. నేను తల ఊపాను. అప్పుడైనా నోరు విప్పలేదు.

రూతు మళ్ళీ గదికి రాలేదు. కాలనీ పిల్లలు ఆమెకు పేరు పెట్టారు. "పద్నాలుగు". నీళ్ళకు పోతే "పద్నాలుగు పోతాంది సూడండ్రా" అనేవాళ్ళు. పెద్దవాళ్ళు ఇంకొక అడుగు ముందుకేశారు. నాయన వయసు వేయక పోగొట్టుకున్నాడు, బిడ్డ వేసి పోగొట్టుకుంది అని టీ అంగడి దగ్గర నవ్వారు. కొడుక్కి కొన్ని నెలలు కూడా వేయని మనిషి ఆ నవ్వుల మధ్య నుంచి తల దించుకొని డ్యూటీకి పోయేవాడు. కొన్నాళ్ళకు ఇంటికి తాళం వేసి కలమల్ల వైపు కాపురం మార్చారు. పనికి దగ్గరని చెప్పాడు. నేను నమ్మినట్టు నటించాను.

నన్ను నేను చాలాసార్లు అడిగాను. మనవడి భయం ఒక్కటేనా? అది సగమే. మా వీధి పిల్ల అయ్యుంటే ఆ మాట అనేవాడినా? ఓబులు కూతురే ఆ చోట నిలబడి "తాతా, చెప్పు" అని ఉంటే? చెప్పేవాడిని. ఏదో ఒకటి సర్ది, నవ్వించి, నా మీద వేసుకునేవాడిని. చర్చి వీధి పిల్ల మాట కాదంటే అడిగేవాళ్ళు లేరని నా నోటికి ముందే తెలుసు. నేను ఆలోచించకముందే దానికి తెలుసు. ఓబులును కసిరిన రోజు నేను వేరు, వాడు వేరు అనుకున్నాను. ఎంత వేరు?

ఆ తర్వాత నాకు లోకం మీద కోపం ఇంకా పెరిగింది. ఆఫీసుల్లో అరిచాను, లంచాలడిగినవాళ్ళను నిలదీశాను, మునిగిన ఊళ్ళ తరఫున మాట్లాడాను. జనం మెచ్చుకున్నారు. ఇప్పుడనిపిస్తోంది, నన్ను నేను తిట్టుకోవాల్సిన తిట్లన్నీ ఊరి మీద పంచిపెట్టానని.

పోయినేడు పులివెందుల పోయాను, కళ్ళు చూపించుకోవడానికి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిలబడి ఉంటే ఒక అమ్మాయి లేచి, "పెద్దాయనా, ఈడ కూర్చో" అంది. గొంతు విని గుర్తుపట్టాను. చదువుల గదిలో పిల్లలందరి చేతా తాతా అనిపించుకున్నది నేనే. ఇప్పుడు వాళ్ళ నాయన పిలిచినట్టు పెద్దాయనా అంది.

"బాగుండావా పాపా?"

"బాగుండా." అక్కడే డిగ్రీ చదువుతోందట.

"పిల్లోల్లకు చదువు చెప్తాండావా?"

"ల్యా. చెప్పను."

అంతే. కిటికీ వైపు తిరిగింది. నిలబడే ఉంది, పైనున్న కడ్డీని ఒక చేత్తో పట్టుకొని. రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నేను ఆమె ఇచ్చిన సీట్లో కూర్చొని, ఇప్పుడు చెబుతాను, ఈ స్టేజీ దాటాక చెబుతాను అనుకుంటూ ముద్దనూరు దాకా వచ్చాను. ఆమె దిగిపోయింది.

ఇప్పుడు మళ్ళీ ఒక పిల్ల వచ్చింది. ఐదో తరగతి. చదువు చెబుతానంటోంది. తీసుకోవాలా వద్దా తేల్చమని సంస్థ వాళ్ళు నన్నే అడిగారు, అనుభవం ఉన్నవాడినని. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకొని చెప్పడం చూశాను. బాగా చెబుతోంది. తీసుకోవచ్చు. కానీ రేపు ఎవరైనా ఆ పిల్లను నిలదీస్తే పక్కన నిలబడే మనిషి కావాలి. ఆ మనిషి నేను కాదు. ఆ పిల్ల వయసు తొమ్మిదే అని ఉన్నదున్నట్టు చెప్పాను. తేల్చే పని నాకొద్దన్నాను. ఎందుకని అడిగారు. ఆరోగ్యం బాగాలేదన్నాను. చూశారా, ఇంకా అబద్ధమే.

అందుకే ఇది రాశాను. రూతు దీన్ని చదవకపోవచ్చు. చదివినా నన్ను క్షమించాల్సిన పని లేదు. ఆ రోజు నేను చూపించిన క్షమ చాలు ఆ ఇంటికి. యేసురత్నం జోడించిన ఆ చేతులకు నేనేం తిరిగివ్వాలో నాకు తెలియదు. కాలనీలో ఎవరైనా ఈ కథ చదివితే పద్నాలుగు అన్న మాట దగ్గర ఆగుతారు. నేనెవరో తెలిసిపోతుంది. తెలియనీ. గొంతు కొంచెం తేలికైంది, అంతకంటే ఏమీ అడగను.

రూతుకు అప్పుడు పదకొండేళ్ళు. పద్నాలుగని చెప్పమన్నది నేను. ఆ పిల్ల అందరి ముందూ నన్ను చెప్పమంది.

చెబుతున్నాను.